డాబా మీది గదిలో విమానాశ్రయం

కోనసీమకు రైలు రావాలని తరతరాలుగా కోరుకుంటూ ఉంటే, రైలు కంటే ముందు విమానం వచ్చేసింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం చేరవలసిన 57 కిలోమీటర్ల రైలు మార్గానికి గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల మీద వంతెనలు కావాలి. వాటి పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉండగా, మా మేనల్లుడు సఖినేటిపల్లి దగ్గర తమ డాబా మీది గదిలో, భూసేకరణ లేకుండా, ఒక్క కొబ్బరి చెట్టు కూడా కొట్టకుండా విమానాశ్రయం నెలకొల్పాడు. ఈ ఘనకార్యాన్ని బంధువర్గం ‘కంప్యూటర్‌లో ఆట’ అని చిన్నచూపు చూడడం చేతనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

ఆట అనడం అన్యాయం. ఆట అన్నాక కాసేపటికైనా ఆడాలి. గృహ వైమానికుడు ఆడడు, అమరుస్తాడు. కంప్యూటర్ తెర మీద విమానం నడిపించే మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లోనే మొదలైంది కాబట్టి ఈ అమర్చడానికి నలభై ఏళ్లకు మించిన సంప్రదాయం ఉంది.

మొదట తెరల సంగతి. ఒకటి చాలదు, అది అందరూ ఒప్పుకుంటారు. ‘పోనీ రెండు కొనుక్కోరా’ అని మా బావగారు ఉదారంగానే అన్నారు. ‘రెండైతే సరిగ్గా రన్‌వే ఉండే చోట రెండు తెరల ప్లాస్టిక్ అంచులూ కలుస్తాయండి నాన్నగారూ, మూడుండాలి’ అని వాడు శాస్త్రీయంగా జవాబిచ్చాడు. ఆయన మారు మాట్లాడలేదు. రొయ్యల చెరువులు చేసే మనిషి. నీళ్లలో డబ్బు పోయడం అలవాటైనవాడికి గాలిలో పోయడం పెద్ద కష్టమనిపించదు.

మూడు తెరలు కొన్నంత మాత్రాన మూడు వైపులా ఆకాశం కనబడుతుందనుకోవడం పామరత్వం. మూడింటినీ కలిపి ఒకే పొడవాటి తెరగా లెక్కవేయమంటే కంప్యూటర్ ఒకే కంటితో చూసినట్టు బొమ్మ గీసి, అంచులకు పోయేకొద్దీ దాన్ని సాగదీస్తుంది. అప్పుడు పక్క తెరల్లోని కొబ్బరి మొవ్వులు అరటి బోదెల్లా లావెక్కుతాయి. అలా కాకుండా ఏ తెరకు ఆ తెర కోణం విడిగా చెప్పాలంటే లెక్క కట్టాలి. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. కళ్లు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో తెర సుమారు 53 డిగ్రీలు ఆక్రమిస్తుంది, కాబట్టి పక్క తెరలను కూడా అంతే మేర లోపలికి తిప్పాలి. కుర్చీ బెత్తెడు వెనక్కి జరిగిందా, 53 కాస్తా 47 దాకా పడిపోయి దిగంతాలు విరిగిపోతాయి. అందుకని వైమానికుడు కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీతలు గీసుకున్నాడు. మా అక్క మర్నాడు ఉదయం గది ఊడ్చి తడిగుడ్డ పెట్టింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ అన్నం తిన్నట్టు లేదు.

బల్ల చేయడానికి వచ్చిన వడ్రంగి కొలతలన్నీ ఓపికగా విని, ‘ఇంతకీ మొహం ఎటండీ?’ అని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఇక్కడ దైవం కలిసివచ్చింది. రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో రన్‌వే పేరు 05. అంటే విమానం రమారమి 50 డిగ్రీల దిక్కుకు, అచ్చంగా ఈశాన్యానికి, మొహం పెట్టి పరుగెడుతుంది. వాస్తు కుదిరింది, బల్ల ఈశాన్యానికి తిరిగింది. అయితే ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ కూడా అటే ఉంది. వెలుతురు తెరల మీద పడుతుందని దానికి నల్లటి పరదా వేసి, ఆపైన మేకులు కొట్టించారు. ఇప్పుడు పరదా వెనుక ఉన్న కొబ్బరితోటను పరదా ముందు చూపించడానికి మూడు తెరల మీద 62 లక్షల చుక్కలను సెకనుకు 60 సార్లు గీయవలసి వస్తోంది. కంప్యూటర్‌లో ఉండి ఆ బొమ్మలు గీసే ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు తాగగలదు; అంటే ఆరు సీలింగ్ ఫ్యాన్లు. ఫ్యాను మాత్రం ఒక్కటే ఉంది, అదీ చప్పుడుకు ఇంజను శబ్దం వినబడదని ఆపేస్తారు.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? చెరువు మీద కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయి గాని నీళ్లు అక్కడే ఉంటాయి. ఈ గదిలో కరెంటు పోతే విమానంతో పాటు ఆకాశం, భూమి, మేఘాలు కూడా పోతాయి. ఇంతటి ప్రమాదంలోనూ ప్రాణనష్టం లేకపోవడం గృహ విమానయానానికే చెల్లింది.

దేశాల పటమంతా అందులో ఉందని వాడు గర్వంగా చెబుతాడు, నిజమే. 2020లో వచ్చిన సిమ్యులేటర్‌లో మెల్‌బోర్న్ శివారున 212 అంతస్తుల భవనం ఆకాశంలోకి నిలబడింది. ఎవరైనా దిద్దగలిగే ఇంటర్నెట్ పటం ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి ఆ వివరం తీసుకున్నారు, అందులో ఎవరో 2 అని కొట్టబోయి 212 అని కొట్టారట. రెండంతస్తులకు ప్లాను తెచ్చుకుని ఐదు వేసేవాళ్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు గాని, మనవాళ్లెవరూ పొరపాటున వేయరు.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. డాబా మీది గంటలను పౌర విమానయాన శాఖ లెక్కలోకి తీసుకోదు. మా అక్క తీసుకుంటుంది. ‘ఒరే అబ్బాయ్, దిగొచ్చి పాలు పట్టుకురారా’ అని ఆవిడ కింద నుంచి కేకేస్తే, ‘గాల్లో ఉన్నానమ్మా, దిగడానికి అరగంట పడుతుంది’ అని పైనుంచి జవాబు వస్తుంది. పాలకేంద్రం అరగంట ఆగదు.

ఇప్పుడు పరికరాల పలక కోసం నాలుగో తెర అవసరమైంది. సెస్నా 172 అనే చిన్న విమానమైతే వసిష్ఠను నిమిషం లోపే దాటేస్తుంది గాని, తెర మాత్రం ఏటి అవతల ఉన్న నరసాపురం దుకాణం నుంచి, ఏరు దాటించే పంటు మీద రావాలి. గోదావరికి వరద వచ్చి రేవులో పంటు ఆపేశారు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి తేవచ్చు గాని, ఆ గోతుల్లో మోటారుసైకిలు మీద తెరకు ఏమవుతుందోనని వైమానికుడి బెంగ. అందుచేత వరద తీసేవరకు డాబా మీది విమాన సర్వీసులన్నీ రద్దు చేయడమైనది.