మూడు దారులు ఒకటైతే సమతూకం చెడిందా?

విశాఖపట్నంలో స్టెల్లారిస్ అనే, అంతరిక్షంలో సామ్రాజ్యాన్ని నడిపే కంప్యూటర్ వ్యూహ ఆట ఆడే విద్యార్థుల మధ్య ఒక వాదన చాలాకాలంగా చేతులు మారుతోంది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.0 వెర్షన్ నక్షత్రాల మధ్య ప్రయాణానికున్న మూడు పద్ధతుల్లో రెండింటిని తీసేసి ఆటను చప్పగా మార్చిందని, పెద్ద నౌకాదళం ఉన్నవాడిదే గెలుపన్న స్థితి మాత్రం అలాగే ఉందని, ఆటగాళ్లు ఎంత మొత్తుకున్నా దాన్ని తయారుచేసే స్వీడన్‌లోని పారడాక్స్ సంస్థ చెవిన పెట్టదు కాబట్టి అభిప్రాయం చెప్పడమే దండగని దాని సారాంశం.

మొదటి మాట చూద్దాం. 2016 మేలో ఆట విడుదలైనప్పుడు ప్రతి సామ్రాజ్యం వార్ప్ (దారితో పనిలేకుండా నేరుగా దూకడం), హైపర్‌లేన్ (నక్షత్రాలను కలిపే స్థిరమైన దారుల వెంటే పోవడం), వార్మ్‌హోల్ (కేంద్రం కట్టి తెరిచే సొరంగం గుండా పోవడం) పద్ధతుల్లో ఒకదానితో ఆట మొదలుపెట్టేది. పైకి ఇది స్వేచ్ఛే. అయితే వార్ప్‌తో వచ్చే శత్రువు తన పరిధిలో ఉన్న ఏ నక్షత్రం దగ్గరైనా దిగగలడు కనుక, మనం ఎక్కడ కోట కట్టినా దాన్ని తప్పించుకుని పోయేవాడు. రక్షణ కేంద్రాల మీద పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అయ్యేది, యుద్ధమంటే ఒక దళం వెంట మరో దళం పరుగెత్తడమే అయ్యేది. ఆరంభంలో ఒక ఎంపిక ఇచ్చిన ఆట, ఆ తర్వాత గంటల తరబడి అవసరమయ్యే రక్షణ వ్యూహాన్ని మొత్తంగా లాగేసుకుంది. అందరికీ హైపర్‌లేన్లే మిగిలాక పటంలో ఇరుకు దారులకు విలువ వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న కాలువ గుండా తప్ప లోపలి హార్బరులోకి ఓడ రాలేదని తెలిసిన విశాఖవాసికి, అలాంటి చోటు ఎవరి చేతిలో ఉందన్నది ఎందుకంత ముఖ్యమో విడమరచి చెప్పనక్కర్లేదు. పైగా ఇతర మార్గాలు పూర్తిగా మూసుకుపోలేదు: సహజ వార్మ్‌హోళ్లు, ఒక ద్వారం నుంచి దూరంగా ఉన్న మరో ద్వారానికి చేర్చే గేట్‌వేలు ఉన్నాయి, దారుల్లేకుండా దూకించే జంప్ డ్రైవ్ పరిశోధన చివరి దశల్లో అందుతుంది. ఒకే ద్వారం దగ్గర రెండు పక్షాలూ కదలకుండా కాపుకాసే విసుగు కొత్తగా వచ్చిన మాట నిజమే. అది న్యాయమైన ఫిర్యాదే, కానీ ఇక్కడ చేస్తున్నది ఆ ఫిర్యాదు కాదు.

పెద్ద దళానిదే గెలుపనే వారు తెరపై కనిపించే దళబలం అంకెను మాత్రమే చూస్తున్నారు. ఆట లెక్క వేరు. శత్రు నౌక తప్పించుకునే శాతం మన ఆయుధం వెంటాడే శాతాన్ని ఎంత మించితే, అంతా మన గురి శాతంలోంచి పోతుంది. గురి 90, శత్రు కార్వెట్ (చిన్న, చురుకైన యుద్ధనౌక) తప్పించుకునే శాతం 80 అనుకుందాం. వెంటాడే శాతం 5 మాత్రమే ఉన్న భారీ ఫిరంగికి మిగిలేది 15. 50 ఉన్న చిన్న ఫిరంగికి 60. అంటే భారీ ఫిరంగులతో నింపిన బ్యాటిల్‌షిప్పులు ఎంత పెద్ద అంకె చూపినా, చురుకైన కార్వెట్ల ముందు ఎక్కువ గుళ్లు శూన్యంలోకే పోతాయి. దీనికి తోడు లేజర్లు కవచాన్ని బాగా ఛేదిస్తాయి గానీ షీల్డుల (నౌక చుట్టూ ఉండే శక్తి కవచాల) మీద బలహీనం, గుళ్లు పేల్చే గతిశక్తి ఆయుధాలది సరిగ్గా ఎదురు వరస, క్షిపణులు షీల్డులను దాటుకునే పోతాయి. సంఖ్యలో తక్కువున్న పక్షానికి కాల్పుల వేగం పెరిగే ఏర్పాటు కూడా ఆ 2.0లోనే వచ్చింది. ఇన్ని ఉన్నా సంఖ్యకు బలం లేదనను; మూడింతల దళాన్ని ఆయుధాల ఎంపికతో ఆపడం కష్టం. అయితే “కార్వెట్లను నెర్ఫ్ చేయండి” (బలం తగ్గించండి) అనే ఒక్క వాక్యం కన్నా, ఆటలో 2260వ సంవత్సరాన ఏ ఆయుధాలతో, ఏ పరిశోధనలతో, ఎవరి చేతిలో ఓడామో రాసినది తయారీదారుకు ఎంతో పనికొస్తుంది.

ఇక చెవిన పెట్టరన్న ఆరోపణ. దళాలన్నిటినీ ఒకే గుంపుగా నడిపే డూమ్‌స్టాక్ గురించి ఆటగాళ్లే మొదటినుంచీ విసుక్కున్నారు, 2.0లో ఒక్కో దళానికి పెట్టిన పరిమితి, పైన చెప్పిన కాల్పుల ఏర్పాటు ఆ విసుగుకు జవాబులే. ఆటగాళ్లు చూపిన ఇబ్బందిని ఒప్పుకుని, వారు కోరిన పరిష్కారాన్ని కాదనడం వినకపోవడం కాదు. 2018 డిసెంబరులో 2.2 వెర్షన్ గ్రహాల ఆర్థిక వ్యవస్థను ఉద్యోగాల పద్ధతికి మార్చాక, ఆట చివరి దశలో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందన్న ఫిర్యాదు హోరెత్తింది. అది పూర్తిగా సరైన ఫిర్యాదు. జనాభాను సమూహాలుగా లెక్కించి ఆ భారం తగ్గించాలన్న ప్రయత్నం 2025 మేలో 4.0తో గానీ రాలేదు కాబట్టి ఆలస్యమని తిడితే నేనూ గొంతు కలుపుతాను. మూడు దారులే కావాలనేవారికి మాత్రం ఆటలు అమ్మే స్టీమ్ వేదికలో ఈ ఆట సెట్టింగుల్లోంచి పాత 1.9 వెర్షన్‌ను ఎంచుకునే వీలు ఉంచారు.