పొంగని ఈనో

ఇంట్లో ఒక్కరికి థైరాయిడ్ ఉంటే చాలు, గడియారం మొత్తం ఆ మాత్ర చుట్టూనే తిరుగుతుంది. పర్లాకిమిడిలో మా అత్తగారిల్లు అంతే. తెల్లారి లేవగానే పరగడుపున యాభై మైక్రోగ్రాముల థైరాక్సిన్, మంచినీళ్లతో. తర్వాత గంటదాకా కాఫీ ఊసెత్తకూడదు. తను తాగందే మావగారికి కలిపివ్వడం అత్తయ్యకు అలవాటు లేదు కాబట్టి, ఏ రోగమూ లేని ఆయన కూడా ఆ గంటసేపు పేపరు నములుతూ కూర్చుంటారు. క్యాల్షియం మాత్ర థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరంలో ఉండాలి, లేకపోతే దాన్ని సరిగా ఒంటికి పట్టనివ్వదు. రిటైరైన లెక్కల మాస్టారు కదా, ఇదంతా స్కేలు పెట్టి గళ్లు గీసి మరీ ఫ్రిజ్‌కి అంటించారు మావగారు.

ఆ గళ్లలోకి ఈమధ్య డి విటమిన్ వచ్చి చేరింది. ఒళ్లు నొప్పులు, నీరసం అంటే థైరాయిడే మళ్లీ పెరిగిందనుకున్నాం. థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూస్తే శుభ్రంగా ఉంది. డాక్టరుగారికి అనుమానమొచ్చి డి పరీక్ష రాస్తే 11 వచ్చింది. 20 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. "ఈ ఎండల్లో, ఈ ఊళ్లో డి లేకపోడవేటి!" అని మావగారు ల్యాబు వాళ్ల మీదే విరుచుకుపడ్డారు. ఎండ ఊరికి కాస్తే సరిపోదు, ఒంటికి తగలాలి మాస్టారూ అన్నారు డాక్టరుగారు. ఆ మాట పట్టుకుని మావగారు మర్నాడే అత్తయ్యకి వరండాలో అద్దాల కిటికీ దగ్గర కుర్చీ వేయించారు. డి తయారుచేసే కిరణాలు అద్దం దాటి రావని తెలిశాక కుర్చీ మేడెక్కింది. మేడమీద ఊరికే కూర్చోవడం అత్తయ్య వల్ల కాదు, గుమ్మడి వడియాలు పెట్టేశారు. మా ఇంట్లో ఇప్పుడు ఏ డబ్బా మూత తీసినా వడియాలే.

మందు మాత్రం వారానికొకటి. అరవై వేల యూనిట్ల పొడి పొట్లం, ఆదివారం భోజనమయ్యాక పాలల్లో కలిపి తాగాలి. నెయ్యీ నూనే ఉన్న తిండితో అయితే బాగా ఒంటపడుతుందట. అరవై వేలు అనేసరికి మావగారికి గుండె ఆగినంత పనైంది. తర్వాత ఆయనే లెక్కగట్టారు: నలభై యూనిట్లకు ఒక మైక్రోగ్రాము చొప్పున అరవై వేలంటే ఒకటిన్నర మిల్లీగ్రాము. "ఇంతేనా!" అని ఈసారి నిరాశపడ్డారు. డి వేసుకుంటే ఇక థైరాయిడ్ మాత్ర మానేయొచ్చా అని కూడా అడిగి, డాక్టరుగారి చేత చీవాట్లు తిన్నారు.

సరే, ఆ ఆదివారం మా నాన్న వచ్చారు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, మా పుట్టిల్లు అక్కడే. వియ్యంకుడొస్తే మావగారు చెయ్యి కడగనివ్వరు. వేటమాంసం, గారెలు, పైన ఛెనాపోడ అనే ఒడియా పాలవిరుగుడు మిఠాయి. సాయంత్రానికి నాన్న పొట్ట పట్టుకుని, "బావగారూ, గేస్ పట్టేసిందండీ" అన్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మా ఆయన సెల్‌ఫోన్ లైటు పట్టుకుని మందుల డబ్బా కెలికి ఒక పొట్లం తెచ్చి గ్లాసు నీళ్లలో వేశారు. పొంగలేదు. నాన్న గ్లాసు పైకెత్తి చూసి, "పొంగలేదేటి అల్లుడుగారూ?" అన్నారు. "పాతదైపోయినట్టుంది మావయ్యా. పొట్లం కూడా చిన్నది చేసేశారు వెధవలు. ధర మాత్రం తగ్గదు" అని కంపెనీని తిట్టి, ఇంకోటి చింపి వేశారు. అదీ పొంగలేదు. చెంచాతో గిరగిరా తిప్పి ఇస్తే నాన్న గటగటా తాగేశారు. రెండు నిమిషాల్లో వీధి వినపడేలా ఒక త్రేనుపు.

"బావగారూ, అమృతవండీ!"

అత్తయ్య పాలగ్లాసు పట్టుకుని డబ్బా వెతుక్కుంటుంటే అసలు సంగతి బయటపడింది. కరెంటొచ్చింది. చెత్తబుట్టలో చిరిగిన రెండు పొట్లాలు. మావగారు కళ్లజోడు సర్దుకుని, "లక్షా ఇరవై వేలు" అన్నారు, బ్యాంకులో దోపిడీ జరిగినట్టు. మా ఆయన ఫోన్లో వెతికి డి ఎక్కువైతే వచ్చే లక్షణాలు చదవడం మొదలెట్టారు. దాహం అనగానే నాన్నకి దాహమేసింది. వికారం అనగానే వికారం. గందరగోళం అన్నారు, అది మాత్రం ఇంటిల్లిపాదికీ ఉంది.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ముందు నవ్వి, తర్వాత చెప్పారు. ఒక్కసారికి ఏమీ కాదు, ఒకప్పుడు ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒకే పోటున వేసేవారట. వారానిది రోజూ వేసుకుంటూ నెలల తరబడి పోతేనే రక్తంలో క్యాల్షియం పెరిగి, కిడ్నీల దాకా వస్తుంది. "అన్నట్టు ఆయనకెప్పుడైనా డి పరీక్ష చేయించారా?" అనీ అడిగారు.

పాతపట్నం వెళ్లాక నాన్న చేయించుకున్నారు. 14. అత్తయ్యకిచ్చిన పొట్లాలే ఆయనకీ రాశారు అక్కడి డాక్టరు. ఆ కబురు వినగానే మావగారు ఫోన్ లాక్కుని, "బావగారూ, మొదటి రెండూ మా ఖాతాలోవి. మీకు రాగానే పంపించండి" అన్నారు. సరదాకన్నారో నిజంగానే అన్నారో నాకిప్పటికీ తెలీదు, లెక్కల మాస్టారు కదా.

నాన్న పంపారు. రెండు డి పొట్లాలు, వాటితోపాటు ఒక ఈనో. ఈనో మీద స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో, "అల్లుడుగారికి: పొంగేది ఇది."