ఆత్మరక్షణార్థం ఒక క్షిపణి కారు

ప్రజాస్వామ్యంలో కొన్ని ప్రశ్నలను దాటవేయకూడదు. క్షిపణులు బిగించిన కారు కొనాలా వద్దా అన్నది అలాంటి ప్రశ్న. బెంగళూరు మారతహళ్లిలో నలుగురు తెలుగు కుర్రాళ్లు అద్దెకుంటున్న ఒక ఫ్లాటు కొన్నాళ్లుగా ఈ ప్రశ్నతో అట్టుడికిపోతోంది. వంటమనిషి మానేసినా, ట్యాంకరు నీళ్లు రాకపోయినా, అప్రైజల్‌లో రేటింగు పడిపోయినా ఆ ఇంట్లో ఇంత చర్చ జరగలేదు. ఆ నలుగురిలో మా పిన్ని కొడుకు ఒకడు. కొనదలచినవాడు వాడే. వయసులో పెద్దవాడినని, పైగా నాలుగు ముక్కలు రాస్తుంటానని నన్ను సలహాదారుగా పిలిచారు. విషయ గాంభీర్యం తెలిసినవాణ్ణి కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

తెలియనివారి కోసం నేపథ్యం కొంచెం. ఆ కారు ఉన్నది ఒక వీడియోగేమ్‌లో. రాక్‌స్టార్ గేమ్స్ వాళ్లు జీటీఏ ఫైవ్ అనే ఆ ఆటను 2013 సెప్టెంబరులో విడుదల చేశారు. అక్టోబరు 1న దాని ఆన్‌లైన్ ఆట మొదలైంది. లాస్ ఏంజెలిస్‌ను చూసి కట్టిన లాస్ శాంటోస్ అనే ఊరు అందులో ఉంది. ముక్కూ మొహం తెలియని జనం అక్కడ ఒకే సెషన్‌లో, అంటే ఒకేసారి ఆడే ఒక గుంపులో, చేరి ఒకరినొకరు కాల్చుకుంటూ, తీరిక దొరికితే వ్యాపారాలు చేసుకుంటారు.

మావాడిది వ్యాపార పక్షం. స్వతహాగా సాధువు. ఆటో డ్రైవరు మీటరు మీద యాభై అడిగితే బేరమాడకుండా ఇచ్చేసి, దిగేటప్పుడు థాంక్యూ కూడా చెప్పే మనిషి. పగలంతా ఆఫీసులో ఎవరో క్లయింటు కోసం చాకిరీ చేసి, రాత్రి భోంచేసి, లాస్ శాంటోస్‌లో రెండో షిఫ్టు మొదలుపెడతాడు. అక్కడ వాడు సరుకు రవాణా చేస్తాడు. ఏం సరుకో పిన్నికి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు, కనుక ఇక్కడా రాయను. ఆ సరుకు చేరవేయడానికి ఒక్కోసారి ఆట పోస్ట్ ఓప్ అనే పార్శిల్ వ్యాన్లను అంటగడుతుంది. వాటి నడక చూస్తే, తయారుచేసినవాళ్లు సాయంత్రం ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద కూర్చుని కొలతలు తీసుకున్నారేమో అనిపిస్తుంది. అంతలోనే సెషన్‌లో ఉన్నవాళ్లందరికీ ఫలానావాడు సరుకుతో బయలుదేరాడని కబురు వెళ్తుంది. ఎవడో ఎగిరే మోటార్‌సైకిల్ మీద వచ్చి, ఏ వైరమూ లేకుండానే ఒక రాకెట్ వదిలి, అంతే ప్రశాంతంగా వెళ్లిపోతాడు. ఇలాంటివాణ్ణి కుర్రాళ్లు గ్రీఫర్ అంటారు. పిన్ని చూసి ఉంటే వేరే మాట అనేది.

అందుకే ఆత్మరక్షణ కోసం ఒక ఆయుధవాహనం కావాలని మావాడి ప్రతిపాదన.

మొదట వాడి కన్ను ఆ ఎగిరే మోటార్‌సైకిల్ మీదే పడింది. పేరు ఒప్రెసర్ మార్క్ టూ. అణచివేసేవాడని పేరులోనే ఒప్పుకున్న వాహనం ప్రపంచంలో ఇదొక్కటేనేమో. 2018లో వచ్చినప్పుడు దాని ధర ఆట డబ్బుల్లో 38,90,250 డాలర్లు. దానితో జనం పడ్డ హింస చూసి కంపెనీవారి మనసు కరిగి, 2022లో ధర 80 లక్షలకు పెంచారు. ఈ విధానం నాకు చాలా నచ్చింది. హింస చేయకూడదని ఎవరూ అనలేదు, చేసేవాడు కాస్త స్థితిమంతుడై ఉండాలన్నారు, అంతే.

సరే, ఎనభై లక్షలు పోశాం. క్షిపణులు వస్తాయా? రావు. వాటిని బిగించాలంటే టెర్రర్‌బైట్ అనే లారీ కొనాలి, అందులో వర్క్‌షాపు పెట్టించాలి. ఆ లారీ కావాలంటే ముందు మీకు సొంత నైట్‌క్లబ్ ఉండాలి. కోరమంగళలో కష్టపడి ఎదిగినవాళ్లు నైట్‌క్లబ్‌కు వెళ్లాలని కారు కొంటారు. ఇక్కడ బైకుకు సామాను బిగించడం కోసం నైట్‌క్లబ్ కొనాలి. ఈ దశలో రెండో రూమ్మేటు, గుంటూరు కుర్రాడు, కాగితం తీసుకుని ఎక్సెల్ షీటులా గీతలు గీసి లెక్క వేశాడు. కింది వరసలో మొత్తం చూసి నలుగురూ కాసేపు మాట్లాడలేదు. ఎవరో వెళ్లి మ్యాగీ చేసుకొచ్చారు.

దాంతో బైకు పక్కకు పోయి టోరియడార్ ముందుకొచ్చింది. 2020 డిసెంబరులో, కాయో పెరికో దోపిడీ అనే కొత్త ఘట్టంతో పాటు ఆటలోకి వచ్చిన కారు. ధర 36,60,000. క్షిపణులు కారుతోనే వస్తాయి, ఎన్ని వదిలినా అయిపోవు. ఒక రాకెట్ తగలగానే పేలిపోయే రకం కాదు. వెనక వేగం పెంచే బూస్టు ఉంది. అన్నిటికీ మించి నీళ్లలోకి దింపితే జలాంతర్గామిలా పోతుంది.

నీళ్లలో పోతుందనగానే నా వైఖరి మారిందని ఒప్పుకోవాలి. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు ఎలా ఉందో, ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాపులు ఒళ్లో పెట్టుకుని ట్రాక్టర్ల మీద ఆఫీసులకు ఎలా వెళ్లారో ఈ ఊరివాళ్లు ఎవరూ మరిచిపోలేదు. యమలూరు వైపు కోట్ల విల్లాల్లో ఉన్నవాళ్లు కూడా అదే ట్రాక్టరు ఎక్కారు. జర్మనీ కార్లు బేస్‌మెంట్లలో మునిగి ఉంటే, దేశంలో పనికొచ్చిన వాహనం ట్రాక్టరొక్కటే. అలాంటి ఊళ్లో నీటిలో నడిచే కారు కొనాలన్న కోరికను విలాసం అనలేం. కాకపోతే వాడు కొంటున్నది బెంగళూరులో కాదని గుర్తు తెచ్చుకుని మళ్లీ తటస్థుణ్ణయ్యాను.

ఈలోగా అసలు సంక్షోభం ఒంగోలులో పుట్టింది. మావాడు ఫోను స్పీకరులో పెట్టి పిన్నితో మాట్లాడుతూ, మధ్యలో రూమ్మేటుతో "ముప్ఫై ఆరున్నర లక్షలు రా, అదే ఫైనల్" అన్నాడు. పిన్ని చెవిన పడింది.

"కారు కొంటున్నావా నాన్నా? ఒక్క మాటైనా చెప్పలేదే?"

"అదేం లేదమ్మా, ఇంకా అనుకుంటున్నా."

"లోనా, క్యాషా?"

"క్యాషేనమ్మా. కానీ అక్కడి డబ్బులు."

"అక్కడంటే? అమెరికావా?"

"ఆ... డాలర్లే."

వాడు అబద్ధం ఒక్కటీ చెప్పలేదని గమనించాలి. ఆ రాత్రికే మా పెద్దమ్మకు తెలిసింది, తెల్లారేసరికి పెళ్లిళ్ల పేరయ్యకు తెలిసింది. నిరుడు "అబ్బాయి ఫోటో బాగుంది, చూద్దాం" అని ఊరుకున్న సంబంధంవాళ్లు తామే ఫోన్ చేసి మైలేజీ ఎంతిస్తుందని అడిగారట. పిన్ని నాకు ఫోన్ చేసి, "నువ్వైనా చెప్పు నాయనా, తెల్ల రంగు తీసుకోమను, నల్లది శని రంగు" అంది. చెప్తానన్నాను. క్షిపణుల సంగతి మాత్రం నా నోటితో చెప్పలేకపోయాను. పెళ్లి కావాల్సిన పిల్లాడు.

ఇక ఆర్థికాంశం. ఆ 36 లక్షల 60 వేలు రావాలంటే రెండే దార్లు. ఒకటి రాత్రిళ్లు కూర్చుని సంపాదించడం. దీన్ని గ్రైండ్ అంటారు. కాయో పెరికో దోపిడీ అయితే ఒంటరిగా కూడా చేయొచ్చు, కానీ దానికి ముందు 22 లక్షలు పెట్టి కొసాట్కా అనే జలాంతర్గామి కొనాలి. కారు కోసం దోపిడీ, దోపిడీ కోసం జలాంతర్గామి, జలాంతర్గామి కోసం మళ్లీ ఆ పార్శిల్ వ్యాను. రెండో దారి షార్క్ కార్డు. అసలు డబ్బు ఇచ్చి ఆట డబ్బు తీసుకోవడం. మెగలోడాన్ అనే అతి పెద్ద సొర కార్డు అమెరికాలో 99.99 డాలర్లు. మొదట్లో దానికి 80 లక్షలు ఇచ్చేవారు, తర్వాత కోటి చేశారు. మన లెక్కలో ఎనిమిది వేల రూపాయల పైమాట. ఈ ప్రస్తావన రాగానే గుంటూరు కుర్రాడు లేచి నిలబడి, "అసలు డబ్బులు పెట్టి ఆటలో కారు కొనేవాడితో నేను ఫ్లాటు షేర్ చేసుకోను" అని ప్రకటించాడు. సిద్ధాంతం కలవాడు. అద్దె వాటా మూడు నెలలుగా బాకీ ఉన్నాడనుకోండి, అది వేరే పద్దు.

పెట్టుబడి భద్రత గురించి నేను కూడా ఒక మాట అన్నాను. 2021 డిసెంబరు 16న పాత పీఎస్ త్రీ, ఎక్స్‌బాక్స్ 360 అనే ఆట యంత్రాల మీద ఈ ఆన్‌లైన్ ఆటను కంపెనీ మూసేసింది. ఆ వెర్షన్లలోనే ఉండిపోయిన కార్లు, బంగళాలు, పడవలు ఆ రోజుతో మాయం. పైగా జీటీఏ సిక్స్ వస్తోంది. 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబరు 19 అన్నారు. ఏళ్ల తరబడి సాగిన ఈజీపుర ఫ్లైఓవరు పని చూసినవాళ్లం కాబట్టి తేదీల విషయంలో మేమెవరం తొందరపడలేదు.

న్యాయవ్యవస్థ దృష్ట్యా చూస్తే లాస్ శాంటోస్ మనకంటే ముందుంది. మీ మామూలు కారును ఇంకొకడు పేలిస్తే, మోర్స్ మ్యూచువల్ అనే బీమా కంపెనీ ఆ ఖర్చు పేల్చినవాడి ఖాతాలోంచే లాగుతుంది. క్లెయిము ఫారం లేదు, సర్వేయరు రాడు, "ఇది కవర్ అవదు సార్" అనే ఫోను లేదు. పదేపదే ఇతరుల కార్లు పేల్చేవాణ్ణి బ్యాడ్ స్పోర్ట్ అని ముద్రవేసి, నెత్తిన కోను టోపీ పెట్టి, వాడిలాంటి వాళ్లతోనే ఒక సెషన్‌లో పడేస్తారు. మన దగ్గర టోపీ ఎప్పుడూ బాధితుడికే పెడతారు.

శాంతిగా బతకాలనుకునేవాడికి పాసివ్ మోడ్ అని ఒకటి ఉంది. అందులో ఉంటే మిమ్మల్ని ఎవరూ కాల్చలేరు, మీరూ ఎవర్నీ కాల్చలేరు. కానీ ఆయుధాలున్న బండి ఎక్కితే ఆ సదుపాయం వర్తించదు. అంటే రక్షణ కోసం కారు కొన్న క్షణంలోనే ఉన్న రక్షణ పోతుంది. ఇది మావాడికి చూపించాను. తల ఊపాడు. తల ఊపుతూనే కారు రంగులు చూస్తున్నాడు.

అప్పుడు నా దగ్గరున్న బలమైన వాదన బయటికి తీశాను. 2022 జులై నుంచి మనం పిలిచినవాళ్లు మాత్రమే వచ్చే సెషన్‌లో కూడా సరుకు అమ్ముకోనిస్తున్నారు. ఎవర్నీ పిలవకపోతే ఎవరూ రారు. గ్రీఫర్ లేడు, రాకెట్ లేదు, వ్యాను నత్తలా వెళ్లినా సరుకు చేరుతుంది. మరి ఈ కారెందుకు?

మావాడు నావైపు జాలిగా చూశాడు. "ఎవరూ లేని చోట కారుండి ఏం చేసుకుంటాం అన్నా? చూసేవాళ్లుండొద్దూ?"

ఆత్మరక్షణ సిద్ధాంతం గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన రక్షణ నిపుణుణ్ణి నేను చూడలేదు. ఆ సెషన్‌లో ఉన్న ముప్ఫైమందిని పిలిచి అడగండి, ప్రతివాడూ ఆత్మరక్షణ కోసమే కొన్నానంటాడు. దాడి చేయడం కోసం కొన్నవాడు ఒక్కడూ దొరకడు. మరి ఆ వ్యాన్లను పేలుస్తున్నదెవరు? 2024 ఎండాకాలంలో మా వీధి బోర్ల కథ కూడా ఇదే. ఒక అపార్ట్‌మెంటువాళ్లు ముందుజాగ్రత్త అని ఇంకాస్త లోతుకు దింపారు. వాళ్లు దింపారని పక్కవాళ్లు ఇంకా లోతుకు దింపారు. ఇప్పుడు రెండు అసోసియేషన్లూ ఒకే ట్యాంకరువాడి నంబరుకు పోటీపడి ఫోన్ చేస్తున్నాయి. ఆ ట్యాంకరువాడు ఎవరి మీదా పగ పెట్టుకోలేదు. రాక్‌స్టార్ వారు కూడా అంతే.

మూడో రూమ్మేటు అనంతపురం వాడు, తక్కువ మాట్లాడతాడు. వాడు లేవనెత్తిన అంశం మాత్రం ఎవరికీ తట్టలేదు. బెంగళూరులో ఆయుధపూజ రోజున ఏం జరుగుతుందో తెలిసిందే. ప్రతి స్కూటరుకూ అరటి పిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు, రోడ్డు మీద పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు, వాటి మీద జారిపడే మిగతా ప్రజలు. "ఆయుధమే లేని యాక్టివాకు మనం అంత చేస్తుంటే, నిజంగా ఆయుధాలున్న బండికి చెయ్యకపోతే ఎట్లన్నా?" అన్నాడు. కారు టీవీలో ఉంటుంది కదా, నిమ్మకాయ ఎక్కడ పెట్టాలని చర్చ మొదలై, రూటరు కింద పెట్టాలనే దగ్గర ఆగింది. ఆ ఫ్లాటులో వైఫై పరిస్థితి చూస్తే అదే సరైన చోటు.

చివరికి గురువారం దాకా ఆగాలని తీర్మానమైంది. ఆటలో ప్రతి గురువారం కొన్ని బళ్ల మీద తగ్గింపు ప్రకటిస్తారు. 2023 ఫిబ్రవరిలో ట్రాఫిక్ జరిమానాల మీద సగం రాయితీ ఇస్తే క్యూలు కట్టి మరీ కట్టివచ్చిన ఊరివాళ్లం, తగ్గింపు విలువ మాకొకరు చెప్పక్కర్లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు వరకు రాహుకాలం కాబట్టి మూడు దాటాక చూశారు. టోరియడార్ మీద తగ్గింపు లేదు. మావాడు పూర్తి ధరకే కొన్నాడు.

కొన్న రాత్రే బీచి రోడ్డు మీద ఎవడో ఎగిరే బైకువాడు క్షిపణి తరవాత క్షిపణి వేసి దాన్ని బూడిద చేశాడు. ఇప్పుడు మావాడికి క్షిపణి గురి తగలకుండా చేసే జామర్ కావాలి. దానికి ముందు ఏజెన్సీ అనే ఆఫీసు కొనాలి, అందులో వర్క్‌షాపు పెట్టించాలి. ఆ జామర్ కొన్ని ప్రత్యేకమైన కార్లకే పడుతుంది, టోరియడార్‌కు పడదు. అంటే ఇంకో కారు. శనివారం రాత్రి మళ్లీ రమ్మన్నారు. గుంటూరు కుర్రాడు కొత్త కాగితం మీద గీతలు గీసి ఉంచాడట. పిన్ని మాత్రం అమ్మాయి తరఫువాళ్లు ఆదివారం కారు చూడటానికి బెంగళూరు వస్తున్నారని, అబ్బాయిని దాన్ని కడిగించి పెట్టమని చెప్పమంది.