స్మార్ట్ వాచ్ గారికి ఒక భజనపరుడి విన్నపం

మహారాజశ్రీ స్మార్ట్ వాచ్ గారి సముఖమునకు, విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అది మీరు ధ్రువీకరించాలనుకోండి! ఒంట్లో ఎలా ఉందని అడిగితే, మా వీధిలో ముందు మీ ముఖం చూసుకునే జవాబు చెబుతున్నారు.

పొద్దున్నే ఆర్.కె. బీచ్‌లో కాళీమాత గుడి నుంచి జలాంతర్గామి ప్రదర్శనశాల దాకా నడిస్తే మీరు తెగ మెచ్చుకుంటారు. సంతోషం. చెవుల్లో పాట పెట్టుకుని నడిచేవాళ్లే అక్కడ అందరూ. ఒక్కరి పెదవీ కదలదు. దానికి మీకు అభ్యంతరం లేదు. శనివారం సాయంత్రం నేను గుడిలో గొంతెత్తి పాడుతుంటే మాత్రం, "చాలాసేపు కూర్చున్నారు, కాస్త లేవండి" అని మణికట్టు మీద గిల్లుతారు. అదీ సరిగ్గా చరణం పైస్థాయికి ఎక్కేటప్పుడు! చిడతలు వాయించే మాస్టారి చేతికున్న మీ సోదరుడు మరీ ఘనుడు. చెయ్యి ఊగితే చాలు, అడుగే అనుకుంటాడు. బాసింపట్టు కదలని మాస్టారిని రెండు కీర్తనల్లో భీమిలి దారి పట్టించాడు.

గుండె లెక్కలంటే మీకు ప్రాణం కదా, వినండి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో బృందగానం చేసేవాళ్ల గుండె వేగాన్ని కొలిచారు. కలిసి పాడుతుంటే అది అందరిలోనూ ఒకేసారి పెరుగుతూ, ఒకేసారి తగ్గుతూ వచ్చింది. మాయేమీ లేదు. పాటలో ఒక పాదం పూర్తయ్యేదాకా ఊపిరి మెల్లగా వదలాలి, చివర గబుక్కున పీల్చాలి. వదిలేటప్పుడు గుండె నెమ్మదిస్తుంది. పాదం ఒకటే కనుక అందరి ఊపిరీ ఒకటే. అలా మెల్లగా ఊపిరి వదిలించడానికి మీరు తెర మీద బుడగను ఉబ్బించి చూపిస్తారు, పాపం.

పాడితే బీపీ మాత్ర మానేయవచ్చని మా హార్మోనియం తాతగారు కూడా అనరు. కానీ మోకాలి నొప్పితో ఒక పిన్నిగారు రెండు వారాలు రాకపోతే, బృందమంతా వాళ్లింటికి వెళ్లి అక్కడే తాళాలు వాయిస్తూ భజన చేసింది. మీరైతే ఆవిడకు "నేటి లక్ష్యం మిగిలి ఉంది" అని గుర్తుచేశారు.

మా ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు ఎప్పుడైనా చూశారా? రొమ్ముకు రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు. పాడుతూ, వాయిస్తూ, ఎగురుతూ ఒకరి భుజాల మీదికి ఒకరు ఎక్కుతారు. ఆ కళాకారుడి చేతికి మిమ్మల్ని కడితే ఏ పద్దులో రాస్తారు? పరుగా, ఈతా?

ఈత పక్కన భజనకూ ఒక గడి ఇప్పించండి. అందాకా శనివారం సాయంత్రాలు మీరు ఛార్జింగులో ఉంటారు. ఆ పూట నేను సోమరినే, రాసుకోండి.

ఇట్లు,
మీ మణికట్టు యజమాని