పడి లేవడానికి ఎకరం నేల

మట్టి బాటల మీద డర్ట్ బైకు నడిపే ఎవరిని అడిగినా, ఎత్తు ఎక్కుతుండగా బండి ఆగిపోయిన క్షణం గురించి చెబుతారు. వేగం చాలక ఇంజను ఆగిపోతుంది. కాలు దించబోతే అందదు, పల్లం వైపు నేల మరో అర అడుగు కిందికి ఉంటుంది. బండి ఒరగడం మొదలవుతుంది. అప్పుడు ముందు బ్రేకును మాత్రమే నమ్ముకుంటే లాభం ఉండదు. వాలు మీద బరువంతా వెనక చక్రానికి చేరుతుంది కాబట్టి, ముందు చక్రం తిరగకుండా ఆగినా జారుతుంది. తెలిసినవారు క్లచ్ వదిలేస్తారు. గేరులో ఉన్న ఇంజను వెనక చక్రాన్ని పట్టి నిలుపుతుంది. ఎగువ వైపు కాలు మోపి, బండిని నెమ్మదిగా వాలుకు అడ్డంగా తిప్పి, కిందికి దిగి మళ్లీ ఎక్కుతారు. తెలియనివారు క్లచ్‌ను గట్టిగా పట్టుకుని బండితో పాటు వెనక్కి జారిపోతారు. వీరిద్దరిలో ఒకరు ధైర్యవంతులనీ, మరొకరు పిరికివారనీ నేను అనుకోను. ఒకరికి క్లచ్ వదలాలని ఎవరో నేర్పారు, మరొకరికి నేర్పలేదు.

డర్ట్ బైకు నడిపే మహిళల గురించి మన దగ్గర వచ్చే కథనాల్లో ఈ క్లచ్ సంగతి ఉండదు. భయాన్ని జయించిన వనిత అంటారు, సాహస నారి అంటారు. ఆ పొగడ్త వెనక ఒక నమ్మకం దాగి ఉంది: భయం ఆడవారికి పుట్టుకతో వచ్చిందని, దాన్ని గెలిచినవారు అరుదని. ఆ నమ్మకం తప్పని నా అభిప్రాయం. కఠినమైన బాట మీద ఆత్మవిశ్వాసం కొలతలతో, బరువులతో, నేర్పే పద్ధతితో, పక్కన ఉన్న మనుషులతో తయారవుతుంది. మహిళల విషయంలో ఈ నాలుగూ తేడాగానే ఉన్నాయి.

ముందుగా కొలతలు. కఠినమైన బాటల మీద గంటల తరబడి సాగే ఎండ్యూరో పోటీల్లో వాడే పూర్తిస్థాయి బైకుల సీటు నేల నుంచి సుమారు 950 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన దేశంలో చాలామంది ఆఫ్-రోడ్ కోసం మొదట ఎంచుకునే హీరో ఎక్స్‌పల్స్ 200 సీటు ఎత్తు సుమారు 825 మిల్లీమీటర్లు, బరువు 150 కిలోలకు పైనే. అయిదడుగుల ఎత్తున్న అమ్మాయి దాని మీద కూర్చుంటే రెండు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనవు. ఇక స్ప్రింగులు. కంపెనీ నుంచి వచ్చే సస్పెన్షన్‌ను సాధారణంగా 70, 80 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని అమరుస్తారు. 50 కిలోల మనిషి కూర్చుంటే ఆ స్ప్రింగు దిగవలసినంత దిగదు. సీటు ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది, ప్రతి రాయీ నడుముకు తగులుతుంది, చక్రం నేలను పట్టుకోకుండా ఎగురుతుంది. బండి తనను విసిరేస్తోందని ఆమెకు అనిపిస్తే అది పిరికితనం ఎలా అవుతుంది? అక్షరాలా జరుగుతున్నది అదే. ఆమె బరువుకు తగ్గట్టు స్ప్రింగు సరిచేసి, టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే అదే బాట మరోలా ఉంటుంది. ఆ పని చేయించడానికి ముందే చాలామంది ఇది తమ వల్ల కాదని తేల్చుకుని బండి దిగిపోతారు.

అందుకే పాశ్చాత్య దేశాల శిక్షణ శిబిరాల్లో కొత్తవారిని 110, 125 సీసీల చిన్న డర్ట్ బైకుల మీద కూర్చోబెడతారు. అవి సుమారు 90 కిలోల లోపే ఉంటాయి. పడినా కాలి మీద కొండ పడినట్టు ఉండదు, ఒక్కరే లేపుకోవచ్చు. మన మార్కెట్లో ఆ తరగతి బండ్లు దాదాపు లేవు. అంటే మన అమ్మాయి మొదటి పాఠమే బరువైన, ఎత్తైన బండి మీద మొదలవుతుంది.

బట్టలదీ ఇదే కథ. కాలి ఎముకలను కాపాడే గట్టి బూట్లు, మోకాలి కవచాలు, ఛాతీ కవచాలు చాలావరకు మగవారి కొలతల్లోనే దుకాణాలకు వస్తాయి. రెండు సైజులు పెద్దదైన బూటుతో గేరు లివరు తగిలిందో లేదో పాదానికి తెలియదు. ఇది నూరేళ్ల నాటి గొడవ. 1916లో అమెరికాలో అగస్టా, అడెలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కాచెల్లెళ్లు ఇండియన్ కంపెనీ మోటారు సైకిళ్ల మీద న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్లారు. అప్పటికి ఆ దేశంలో తారు రోడ్లు తక్కువ. వాళ్లు దాటింది చాలావరకు బురద, ఇసుక, కొండదారి. మధ్యలో చిన్న ఊళ్లలో పోలీసులు వాళ్లను పట్టుకున్నది వేగంగా వెళ్లినందుకు కాదు, మగవారి దుస్తులు వేసుకున్నందుకు. ఆ ప్రయాణంతో తాము సైన్యంలో వార్తాహరులుగా పనికొస్తామని నిరూపించాలనుకున్నారు. అయినా సైన్యం వాళ్లను తీసుకోలేదు.

నేర్పే పద్ధతి గురించి చెప్పాలంటే స్పెయిన్‌కు చెందిన లాయా సాంజ్ దగ్గర ఆగాలి. ఎడారుల మీదుగా రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీలో 2015లో మోటారు సైకిళ్ల విభాగంలో ఆమె మొత్తం మీద తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఆ విభాగంలో మరే మహిళా అంత ముందు నిలవలేదు. 2011 నుంచి 2021 వరకు వరుసగా 11 సార్లు బైకు మీద డకార్‌కు వెళ్లి, 11 సార్లూ చివరి దాకా చేరింది. సగం మంది మధ్యలోనే ఆగిపోయే ఏళ్లు కూడా ఉండే పోటీ అది. ఆమె వచ్చింది వేగపు పందేల నుంచి కాదు. ట్రయల్ అనే పోటీ నుంచి వచ్చింది. మహిళల ట్రయల్‌లో 13 సార్లు ప్రపంచ విజేత, మొదటిసారి గెలిచినప్పుడు ఆమె వయసు 14 ఏళ్లే. ట్రయల్‌లో రాళ్లు, దుంగలు, వాగుల మీదుగా మనిషి నడక వేగంతో బండి నడపాలి. కాలు ఒకసారి నేలకు తగిలితే ఒక తప్పు, రెండుసార్లయితే రెండు, అంతకు మించితే మూడు, పడిపోతే అయిదు. తక్కువ తప్పులు చేసినవారే విజేత. చిన్నతనం నుంచి ఆమె నేర్చుకున్నది సమతూకం, క్లచ్ మీద వేలి ఒత్తిడి, చూపు ఎక్కడ నిలపాలన్న క్రమశిక్షణ. ఎడారిలో వేగం తర్వాత వచ్చింది.

మన దగ్గర ఈ క్రమం తలకిందులైంది. వాట్సాప్‌లో కొండదారి వీడియో చూస్తారు, మరుసటి ఆదివారం అక్కడికే తీసుకెళతారు. సాధన చేయవలసింది ఖాళీ మైదానంలో: ఫుట్‌పెగ్‌ల (కాళ్లు పెట్టుకునే కడ్డీల) మీద నిలబడి మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవడం, భుజాలు వదులుగా ఉంచి బండిని తన కింద ఊగనివ్వడం, తప్పించుకోవలసిన రాయిని కాక వెళ్లవలసిన సందును చూడడం. కళ్లు రాయి మీద నిలిస్తే బండి కూడా అటే వెళుతుంది. ఇసుకలో బరువు వెనక్కి వేసి యాక్సిలరేటర్ తగ్గించకుండా ఉండాలి. వాన పడ్డ నల్లరేగడిలో మాత్రం ఏ పాఠమూ అంతగా పనికిరాదు, మట్టి మడ్‌గార్డు కిందికి చేరి చక్రాన్నే ఆపేస్తుంది. ఆ రోజు ఇంటి దగ్గర ఉండడమే మంచిది.

పక్కన ఉన్న మనుషుల సంగతి కొంచెం నొప్పి కలిగించేది. వాగు దగ్గరికి వచ్చేసరికి "నువ్వు దిగమ్మా, నేను దాటించి ఇస్తాను" అనే గొంతు వినిపిస్తుంది. ప్రేమతోనే అంటారు, అన్నయ్యో భర్తో స్నేహితుడో. కానీ ఆ రోజు ఆమె నేర్చుకోగలిగేది ఆ ఒక్క వాగు దగ్గరే ఉంది, దాన్ని ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నారు. నలుగురు స్త్రీలే కలిసి వెళ్లే బృందాల్లో వాగు దాటించేవారు ఉండరు, ఒడ్డున నిలబడి ఎక్కడ లోతు ఉందో చెప్పేవారు ఉంటారు. హైదరాబాద్‌లో మహిళలకు ద్విచక్ర వాహనాలు నేర్పుతున్న జై భారతి, మరో ముగ్గురు మహిళలతో కలిసి 2018లో ఆరు దేశాల మీదుగా సుమారు 17,000 కిలోమీటర్లు బైకుల మీద వెళ్లివచ్చారు. అది ప్రధానంగా రోడ్డు ప్రయాణమే. అయినా తన బండి తన చేతిలోనే ఉంటే ఎంత దూరం వెళ్లవచ్చో మన ఊరి ఉదాహరణ అది.

బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే కథను పతకం కోసం కాక పాయింట్ల పట్టిక కోసం చదవాలి. 2018లో స్పెయిన్‌లో జరిగిన బాహాలో, అంటే మట్టిదారుల మీద సాగే ర్యాలీలో, ఆమె పడితే క్లోమం చిట్లింది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ మోటారు సైకిల్ సమాఖ్య (ఎఫ్‌ఐఎం) బాహా ప్రపంచ కప్‌లో మహిళల విభాగం గెలిచింది. దుబాయ్‌లో మొదటి స్థానం, పోర్చుగల్‌లో మూడు, స్పెయిన్‌లో అయిదు, హంగరీలో నాలుగు. మొత్తం 65 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న పోర్చుగల్ రైడర్ రీటా వియేరాకు 61. గెలిచిన రౌండు ఒక్కటే. కప్పు తెచ్చింది మిగిలిన మూడు చోట్లా బండిని గమ్యం చేర్చడం. అందులో స్పెయిన్ కూడా ఉంది, ఏడాది కింద ఆసుపత్రికి వెళ్లిన చోటు. పడిన చోటికి తిరిగి వెళ్లి అయిదో స్థానంతో బయటపడడం నాకు దుబాయ్ గెలుపు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

మన పల్లెల్లో ఈ నైపుణ్యం కొంత ఇప్పటికే ఉంది, దానికి పేరు పెట్టలేదంతే. కంకర తేలిన రోడ్డు మీద, పొలాల మధ్య డొంకలో, చిన్న చక్రాల స్కూటీ మీద, కాళ్ల దగ్గర సంచీతో ఉద్యోగానికి వెళ్లివచ్చే టీచరమ్మలను, ఆశా కార్యకర్తలను చూడండి. గుంత ముందు వేగం తగ్గించి, గుంతలో బ్రేకు వదిలి, అవతల యాక్సిలరేటర్ ఇస్తారు. డర్ట్ బైకు శిక్షకులు డబ్బు తీసుకుని నేర్పేది ఇదే. 21 అంగుళాల ముందు చక్రం, బండి అడుగుకూ నేలకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న బైకు ఇస్తే వాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం లేదు.

ఇందుకు కొండలూ అడవులూ అక్కరలేదు. రిజర్వు అడవుల్లోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడం నేరం, పంట చేలను తొక్కడం అన్యాయం. జిల్లాకు ఒక చోట ఎకరం మట్టి నేల చాలు. అందులో ఒక మట్టి దిబ్బ, ఒక ఇసుక గుంత, నాలుగు దుంగలు. ఇంకా రెండు తేలికైన బండ్లు, చిన్న సైజు బూట్లు అయిదారు జతలు, వారానికి ఒక ఉదయం స్త్రీలకు మాత్రమే. మొదటి రోజు బండి స్టార్టు చేయనవసరం లేదు. దాన్ని కుడివైపు పడుకోబెట్టి, సైడ్ స్టాండు ముందే తెరిచి, గేరులో వేసి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని, నడుము వంచకుండా తొడల బలంతో లేపడం నేర్పాలి. ఎవరి సాయం లేకుండా పదిసార్లు లేపాక, పదకొండోసారి తాళం చెవి ఆమె చేతికి ఇవ్వాలి.