బోరట్ వేషం సరే, ఎవరి ముందు వేశాడు?

మారువేషంలో జనాన్ని బోల్తా కొట్టించే బ్రిటిష్ హాస్యనటుడు సాచా బారన్ కోహెన్ పేరెత్తితే చర్చ బూతు దగ్గరే ఆగిపోతుంది. నా అభ్యంతరం బూతు మీద కాదు. వేషం ఎవరి ముందు వేశాడు, వాళ్లకు తిరగబడే సత్తా ఉందా లేదా అన్నదాని మీద.

1971లో లండన్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రిది బట్టల వ్యాపారం. కేంబ్రిడ్జ్‌లో చరిత్ర చదివి, అమెరికా పౌరహక్కుల ఉద్యమంలో యూదుల పాత్ర మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. ఆ తర్వాత ఫ్రెంచ్ గురువు ఫిలిప్ గోలియే దగ్గర విదూషక విద్య నేర్చుకున్నాడు. తెర మీద కనిపించే వెకిలితనానికి వెనక ఇంత చదువూ సాధనా ఉన్నాయి.

1998లో బ్రిటన్ టీవీ ఛానెల్ 4లో అలీ జీ అనే వేషంతో వెలిగాడు. పసుపు ట్రాక్‌సూట్, రంగు కళ్లద్దాలు, నల్లజాతి కుర్రాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న యాస. (ఆ యాస మీద కొందరు నల్లజాతి హాస్యనటులు అప్పుడే మండిపడ్డారు.) పెద్దమనుషులను కూర్చోబెట్టి తలాతోకా లేని ప్రశ్నలు వేస్తాడు. కుర్రకారుకు దగ్గరవ్వాలన్న ఆత్రంలో చాలామంది తలూపేస్తారు. బ్రిటన్ లేబర్ పార్టీ నేత టోనీ బెన్ మాత్రం ఊపలేదు. ఎదుట ఉన్నది వేషగాడని తెలియకపోయినా, సమ్మెల గురించీ ఆడవాళ్ల గురించీ అతను వాగిన మాటలకు అక్కడికక్కడే గడ్డిపెట్టాడు. మోసపోయి కూడా పరువు నిలుపుకున్నాడు.

మన పగటి వేషగాడు ఊరి పెద్దలను ఆటపట్టించినా, అది వేషమని ఊరందరికీ తెలుసు. కోహెన్ ఆ సంగతి చెప్పడు. తర్వాత దావా వేయమన్న ఒప్పంద పత్రం మీద ముందే సంతకం పెట్టించుకుంటాడు.

అతని మరో వేషం బోరట్, కజకిస్తాన్ నుంచి వచ్చిన విలేకరి. అమెరికాలో టూసాన్ పట్టణపు బార్‌లో యూదులను బావిలో తోసేయమని పాట అందుకుంటే జనం హుషారుగా వంత పాడారు. జాతి ద్వేషం బట్టబయలైందని అభిమానులు సంబరపడ్డారు. నాకంత నమ్మకం లేదు. బార్‌లో మందు మీదున్న జనం పిచ్చి విదేశీయుడి పాటకు చప్పట్లు కొట్టారంటే, అందులో ద్వేషమెంతో సరదా ఎంతో తేల్చేదెవరు?

2006 నాటి బోరట్ సినిమా దగ్గరే నా పేచీ. అందులో కజక్ పల్లెగా చూపించింది రుమేనియాలోని గ్లోద్. అక్కడున్నది నిరుపేద రోమా (జిప్సీ) జనం. తీస్తున్నది డాక్యుమెంటరీ అనుకున్నామని వాళ్లు తర్వాత వాపోయారు. ఒక చేయి లేని మనిషికి కృత్రిమ చేయి పేరుతో లైంగిక ఆటవస్తువు తగిలించి చూపించారు. తెరమీద వాళ్లంతా దొంగలు, రేపిస్టులు. నాజీలు యూదులతోపాటు రోమాలనూ ఊచకోత కోశారు. చరిత్ర చదివిన కోహెన్‌కు ఇది తెలియదనుకోలేం. వాళ్లు న్యూయార్క్ కోర్టులో వేసిన 3 కోట్ల డాలర్ల దావా నిలబడలేదు.

కజకిస్తాన్ సంగతి వేరు. మొదట కన్నెర్ర చేసింది, 2020కి బోరట్ ఊతపదాన్నే పర్యాటక ప్రచారానికి వాడుకుంది. దేశానికి ఆ వెసులుబాటు ఉంటుంది, పల్లెకు ఉండదు.

కోహెన్ గురి సరిగ్గా కుదిరింది 2018లో, ‘హూ ఈజ్ అమెరికా?’ టీవీ షోలో. ఇజ్రాయెల్ ఉగ్రవాద నిరోధక నిపుణుడి వేషంలో వెళ్తే, అమెరికాలోని జార్జియా రాష్ట్ర శాసనసభ్యుడు జేసన్ స్పెన్సర్ ప్యాంటు విప్పి జాతి దూషణలు అరిచాడు. పదవి పోయింది. అదే షోలో బోల్తాపడ్డ, అమెరికా సెనేట్ ఎన్నికల్లో ఓడిన రాయ్ మూర్ 9.5 కోట్ల డాలర్లకు దావా వేస్తే, సంతకం పెట్టిన కాగితమే అతన్ని ఓడించింది. దానికి ఎవరూ జాలిపడక్కర్లేదు. కానీ బోరట్‌కు డ్రైవింగ్ నేర్పిన మాస్టారినీ కోర్టులో ఓడించింది అలాంటి కాగితమే.

2020లో రెండో బోరట్ సినిమా వచ్చింది. అందులో హోలోకాస్ట్ (నాజీలు యూదుల మీద సాగించిన ఊచకోత) నుంచి బతికి బయటపడిన వృద్ధురాలితో ఒక దృశ్యం ఉంది. ఆమె నొచ్చుకోకూడదని, వేషం వేసింది యూదుడేనని ఆమెకు చెప్పేశారు. సినిమాను ఆమెకే అంకితమిచ్చారు. అంటే ఎవరి దగ్గర ముసుగు తీయాలో కోహెన్‌కు తెలుసు. గ్లోద్‌లో తీయనక్కర్లేదనుకున్నాడు.