కొండ మీద పారేసింది మన ఏటిలోకే వస్తుంది

నిన్న కార్తీక వనభోజనాలకని ఇంటిల్లిపాదీ ఒడిశాలోని గండాహతి జలపాతానికి వెళ్లాం. పిల్లలు నీళ్లలో దిగి ఐదు నిమిషాలు కాలేదు, మా తమ్ముడి కూతురి అరికాల్లో సీసా పెంకు దిగిపోయింది. తువ్వాలు చుట్టి పర్లాకిమిడి తీసుకొచ్చేసరికి తువ్వాలంతా రక్తం. నాలుగు కుట్లు పడ్డాయి. రాత్రంతా నాకు నిద్ర లేదు.

పెంకైతే ఏరొచ్చు. షాంపూ సంగతేమిటి? మా కళ్ల ముందే పదిమంది జలపాతం కింద తలలు రుద్దుకున్నారు, గెడ్డ (వాగు) అంతా నురగ. వద్దన్నానని ఒకాయన, "ఇది ఆయుర్వేదం అమ్మా, ఏం కాదు" అన్నాడు. ఆయుర్వేదమైనా సబ్బు సబ్బే. మట్టిలో పడితే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి, నేరుగా నీళ్లలో పడితే చేపలకీ పురుగులకీ హాని. బకెట్‌తో నీళ్లు పట్టుకుని 200 అడుగులు అవతలకి వెళ్లి స్నానం చేస్తే పోయేదేముంది?

దొడ్డికి వెళ్లడమూ అంతే. సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. గెడ్డకి 200 అడుగుల దూరంలో, బొరిగెతో అరడుగు లోతు గొయ్యి తీసి, పని అయ్యాక మట్టి కప్పెయ్యాలి. మరీ లోతు వద్దు, కుళ్లబెట్టే జీవులు పైమట్టిలోనే ఎక్కువ. బండరాళ్ల చాటున వదిలేస్తే మొదటి వానకే నీళ్లలోకి వస్తుంది.

మహేంద్రగిరికి శివరాత్రికి వెళ్లేవాళ్లు ఇది మరీ ఆలోచించాలి. 1,501 మీటర్ల కొండ, ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఒకటి. మన ఊరి పక్కన పారే మహేంద్రతనయ పేరులోనే ఆ కొండ కూతురని ఉంది. పైన మనం వదిలింది కింద మన ఏటిలోకే.

"డస్ట్‌బిన్లు పెట్టలేదు కదా" అంటారు. నిండిన డస్ట్‌బిన్‌ని కోతులు లాగి పడెయ్యవా? నిండు బాటిల్ మోసుకెళ్లిన చేతికి ఖాళీది బరువా? థర్మోకోల్ ప్లేట్లు మాని సవర గిరిజనులు కుట్టే అడ్డాకు విస్తళ్లు కొనండి, వాళ్లకీ నాలుగు డబ్బులు. తిన్నాక అవీ సంచిలో వెనక్కి తెచ్చెయ్యండి, మెతుకులు మరిగిన కోతి రేపు పిల్లల చేతిలోది లాక్కుంటుంది. ప్లాస్టిక్ అక్కడే కాల్చేస్తామంటే అసలు వద్దు. సగం కాలి ముద్దలై మిగులుతుంది, ఆ పొగ పీల్చేది పక్కన కూర్చున్న మన పిల్లలే.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి నేనూ తమ్ముడూ గోనెసంచులతో గండాహతి వెళ్తున్నాం. వచ్చేవాళ్లు మందపాటి గ్లవ్స్, గట్టి చెప్పులు వేసుకుని రండి. పెంకులు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి.